పురుషుని విషాదము: రక్తములోని రసములు



ఈ పూట నాకు నియమింపబడిన విషయము కొంచెము సంకోచము పుట్టించునట్టిది. పురుషుని శరీరములో ఊరు కొన్ని రసముల హెచ్చుతగ్గులు వాని మనస్సును క్రుంగదీయునా? అరువది దాటినవారికి కలుగు నిరుత్సాహమునకు వయస్సుతో తగ్గిపోవు రసమే కారణమా? నేను వైద్యుడను గాను. బాల్యమున గురువుగారి యెదుట శబ్దమంజరిని, అమరకోశమును వల్లించి, పిమ్మట ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. అయినను తిరుచానూరులో సాయంకాలము మా అరుగుమీద చేరు పెద్దలలో ఈ ప్రశ్న అడుగనివాడు లేడు. నలుగురిలో అడుగడు, తక్కినవారు లేచిపోయిన పిమ్మట చాటుగా అడుగును. అందుచేత తెలిసిన వైద్యులను విచారించియు, దొరికినంత చదివియు, గ్రహించినదానిని విన్నవించుచున్నాను.

మొదట ఈ రసములన నేమో చూతము. లాలాజలమును పుట్టించు గ్రంథికి నోటిలోనికి నాళ మొకటి యున్నది. మఱికొన్ని గ్రంథులకు అట్టి నాళము లేదు. అవి తమ రసమును నేరుగా రక్తములో కలుపును. కావున వానిని వినాళ గ్రంథులందురు. ఆ రసములకు 1905లో ఇంగ్లండు దేశపు స్టార్లింగను శాస్త్రజ్ఞుడు హార్మోనులని పేరిడెను. మెడలో థైరాయిడు గ్రంథి, మూత్రపిండములమీద అధివృక్క గ్రంథులు, పురుషునకు వృషణములు, వీనిని నడపుటకు మెదడు క్రింద శనగగింజంత పీయూష గ్రంథి. వృషణములలో పుట్టు ముఖ్యమైన హార్మోనునకు టెస్టోస్టెరోనని పేరు.

దీని ప్రభావము రైతునకు క్రొత్తది కాదు. విత్తులు కొట్టిన కోడె యెద్దై కాడికి వచ్చును. కొట్టనిది ఆబోతై ఊరి పైరులను త్రొక్కును. 1849లో జర్మనీలోని గొట్టింగెను పట్టణమున బెర్తోల్డను పండితుడు దీనినే కోడిపుంజులయందు పరీక్షించెను. విత్తులు తీసిన పుంజులకు తలమీది యెఱ్ఱని శిఖ ముడుచుకొనిపోయి, కూతయు పోట్లాటయు మానెను. విత్తులను తీసి కడుపులో వేఱొకచోట నాటిన పుంజులు మాత్రము ఎప్పటివలె కూయుచు పోరాడుచు నుండెను. నరముల సంబంధము తెగినను గుణము నిలిచినది గనుక, రక్తముద్వారా ఏదియో ప్రసరించుచున్నదని ఆయన నిశ్చయించెను.

అయితే ఇచ్చట ఒక మాట. కాడికి వచ్చిన యెద్దు సాధువైనదే గాని దుఃఖించుచున్నదని ఎవరనగలరు? పౌరుషము తగ్గుట వేఱు, విషాదము వేఱు. ఈ రెంటిని ఒకటిగా భావించుటచేతనే మనవారు ధనమును, కాలమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమునుగూడ పోగొట్టుకొనుచున్నారు.

ఈ భ్రాంతి మనకు మాత్రమే కలిగినది కాదు. 1889లో పారిసు నగరమున బ్రౌన్ సెకార్డను ప్రసిద్ధ వైద్యుడు, అప్పటికి డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు, కుక్కల వృషణములనుండియు మఱికొన్ని చిన్న జంతువుల వృషణములనుండియు తీసిన రసమును సూదితో ఎక్కించుకొని, తనకు బలమును బుద్ధి చుఱుకును మరల వచ్చినవని విద్వత్సభలో ప్రకటించెను. అట్టి రసములకై జనము ఎగబడెను. నిజమేమనగా, ఆ హార్మోను నీటిలో సరిగా కరుగునది కాదు. ఆయన ఎక్కించుకొనిన దానిలో అది లెక్కకు రానంత మాత్రమే. ఆయనకు కలిగినది విశ్వాసబలము. అసలు హార్మోనును వేఱుపఱచుటయు, ప్రయోగశాలలో తయారుచేయుటయు 1935లో జరిగినవి. తయారుచేసిన బుటెనాంటు, రుజిచ్‌కా అను నిరువురకు 1939వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానము లభించెను.

అసలు హార్మోను దొరకినది గదా, దానిని వృద్ధులకిచ్చి చూచినారా యని మీరడుగవచ్చును. చూచినారు. 2016లో అమెరికా వైద్యులు ప్రకటించిన పరీక్ష యొకటి గలదు. 65 ఏండ్లును అంతకు పైబడినవారును, రక్తములో ఈ హార్మోను తక్కువగా నున్నవారును అగు 790 మంది పురుషులను ఎంచిరి. కొందఱికి హార్మోను గల లేపనమును, కొందఱికి చూపునకట్లేయుండు వట్టి లేపనమును ఒక యేడాది ఇచ్చిరి. ఎవరికేది చేరినదో రోగికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. పరీక్షయన్న అట్లుండవలెను. ఫలితమేమి? దాంపత్యవాంఛ కొంత హెచ్చెను. మనస్సు కొంచెము తేటపడెను, విషాదలక్షణములు కొంచెము తగ్గెను. అలసట విషయమున చెప్పదగిన ప్రయోజనము కనబడలేదు. ఇట్టి పరీక్షలు 27 చేర్చి 2019లో పరిశీలించినవారు మేలు కలదనియే చెప్పిరి. అది హెచ్చు మోతాదులయందు ఎక్కువగా కనబడినదనిరి. కాని మోతాదు హెచ్చినకొలది రక్తము చిక్కబడును. ఈ మందు పుచ్చుకొను పడుచువానికి సంతానబీజము క్షీణించును. ప్రోస్టేటు క్యాన్సరు గలవారికి సామాన్యముగ దీనిని ఈయరాదు. గుండెజబ్బు గలవారును, అది వచ్చు సూచనలు గలవారును అగు అయిదువేలమందికి పైగా పురుషులను చూచి 2023లో ప్రకటించిన పరీక్షలో, గుండెపోటు హెచ్చలేదు గాని, గుండె లయ తప్పుటయు, ఊపిరితిత్తులలో రక్తము గడ్డకట్టుటయు మందు పుచ్చుకొన్నవారిలో కొంత హెచ్చుగా కనబడెను.

కావున ప్రశ్నకు నా సమాధానమిది. హార్మోను మనస్సును తాకును. ఇందు సందేహము లేదు. ప్రోస్టేటు క్యాన్సరు చికిత్సలో ఈ హార్మోనును మందులతో అణచివేసినప్పుడు కొందఱు పురుషులు క్రుంగిపోవుట వైద్యులు చూచుచున్నదే. కాని వయస్సుచే సహజముగా తగ్గు తగ్గుదల, నడివయస్సు దాటిన పిమ్మట ఏటికి నూటికొక్కవంతు చొప్పున మెల్లగా జరుగునది, ఒక మనుష్యుని గోడవైపు తిరిగి పండుకొనునట్లు చేయుట అరుదు. భారతము ఆదిపర్వమున యయాతికథ మీకందఱకు తెలిసినదే. కుమారుడగు పూరుని యౌవనమును తీసికొని వేయేండ్లు అనుభవించినను ఆ రాజునకు తృప్తి కలుగలేదు. అతనికి లోపించినది యౌవనము కాదని వ్యాసుడు గ్రహించినాడు.

ఇంకొక చిక్కు గలదు. విషాదము హార్మోనువలన వచ్చుటయే కాదు, హార్మోను తగ్గుటకు విషాదముతో కూడివచ్చునవియు కారణము కావచ్చును. నిద్రలేమి, స్థూలకాయము, మధుమేహము, మద్యము, ఇవన్నియు టెస్టోస్టెరోనును తగ్గించును. పదిమంది యువకులను వారముదినములు రాత్రికి అయిదు గంటలు మాత్రమే నిద్రపోనిచ్చి 2011లో షికాగో వైద్యులు పరీక్షింపగా, వారి హార్మోను నూటికి పదినుండి పదునైదు వంతులు తగ్గెను. పలమనేరు, కుప్పము ప్రాంతములలో ఏనుగులు చేనిమీద పడకుండ రాత్రులు కాపుండు రైతునకు ఈ లెక్క వేఱుగా చెప్పవలెనా? వానికి సూదిమందు కంటె ముందు నిద్ర కావలెను.

ఇక థైరాయిడు సంగతి. పురుషులలో దీనిని అనుమానించువారు తక్కువ; ఆడవారి జబ్బనుకొందురు. మా యెఱుకలోనే ఒక వస్త్రవ్యాపారి గలడు. కార్తికమాసమున అమ్మవారి బ్రహ్మోత్సవములలో పంచమీతీర్థమునాడు పద్మసరోవరమున స్నానము తప్పినయేడు ఆయనకు లేదు. ఒక యేట రాలేదు. ఇల్లు వెడలడు, మాట నెమ్మది, గొంతు బొంగురు, చలియని దుప్పటి వదలడు, మలబద్ధము, చర్మము పొడిబారినది. ఇంటివారు దుకాణములో నష్టము వచ్చినదని చింతించుచున్నాడనుకొనిరి. ఒక వైద్యుడు రక్తము పరీక్షింపగా థైరాయిడు రసము మిక్కిలి తక్కువయని తేలెను. ప్రతిదినము పరగడుపున ఒక చిన్న మాత్ర, అంతే. రెండుమూడు నెలలకు మనిషి మరల మనుష్యుడయ్యెను. హార్మోనుచేతనే పుట్టిన విషాదమునకు ఇది చక్కని నిదర్శనము. పురుషుడు తన పౌరుషమునే శంకించుకొనుచు కూర్చుండినచో ఎన్నటికిని బయటపడనిది.

రెండవది ఇందుకు విరుద్ధము. చంద్రగిరి వైపు రైతొకడు, ఏబదియైదేండ్లవాడు. రెండు బోర్లు ఎండెను, కొమార్తె పెండ్లి అప్పు మిగిలెను. తెల్లవారుజామున మూడుగంటలకే మెలకువ, అన్నము సహింపదు, ఎద్దుల మెడ నిమురుటయు మానెను. అడిగినవారితో "ఒంట్లో సత్తువ లేదు" అను ఒక్కమాట. ధాతువు నష్టమగుచున్నదని తానే నిశ్చయించుకొని, గోడలమీది వ్రాతలు చూచి, పట్టణమున నెలకొకమారు లాడ్జిలో దిగు నొక వైద్యుని యొద్ద నలుబదివేల రూపాయలు చెల్లించి లేహ్యములు తెచ్చుకొనెను. తుదకు అల్లుడు పెద్దాసుపత్రికి తీసికొనిపోగా థైరాయిడు సరిగానే యుండెను, టెస్టోస్టెరోను సరిగానే యుండెను. ఉన్నది విషాదరోగము. దానికే మందిచ్చిరి, మాటలాడిరి. అతడు కోలుకొనెను, లేహ్యపు డబ్బు మాత్రము రాలేదు.

ధాతునష్టమను ఈ భయము మన దేశమున ఎంత సామాన్యమనగా, 1960లో విగ్ అను భారతీయ వైద్యుడు దీనికి ధాత్ సిండ్రోమని పేరుపెట్టి వైద్యశాస్త్రమున చేర్చెను. శుక్రము ఏడవ ధాతువనియు, శరీరసారమనియు మన శాస్త్రము చెప్పిన మాటను పట్టుకొని, ప్రతి నిస్సత్తువకును అదే మూలమని ఊహించుకొని పురుషుడు కుములును. కాని శాస్త్రమును సగము చదువరాదు. రోగమును పెంచువానిలో విషాదము మొదటిదని చరకసంహిత సూత్రస్థానముననే యున్నది. గీత మొదటి అధ్యాయమునకు పేరే అర్జునవిషాదయోగము. అచ్చట అవయవములు సడలుట, నోరెండుట, వణకు, చర్మము మండుట, విల్లు చేజాఱుట చెప్పబడినవి. అంతటి మహావీరుడు తన బాధను దాచుకొనలేదు. సారథితో చెప్పుకొనెను. అతనికి పౌరుషము తక్కువయని భారతము విన్నవాడెవడు ననలేదు.

మనలో మాత్రము నవ్వే ఆడుదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదని సామెత. ఆడుదాని నవ్వు సంగతి అటుంచుడు. ఏడ్వనీయని మగవాడు ఏమగుచున్నాడో ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనగా, అందు పురుషులు 1,22,724 మంది. ఇట్టి సామెతలను నేనును పాఠములలో సంతోషముగ వివరించినవాడనే. దీనిని మాత్రము ఇక చెప్పుట మానుదమని నా మనవి.

ఇక చేయదగిన పని. ఇంటిలో గాని పొరుగున గాని పురుషుడు రెండువారములకు మించి దేనియందును ఆసక్తి లేక, నిద్రాహారములు చెడి, తానెందుకును కొఱగానివాడనని పలుకుచున్నచో, వానిని వైద్యుని యొద్దకు మీరే వెంటబెట్టుకొని పొండు. చావవలెనని తలంపు వచ్చుచున్నదా యని సూటిగా అడుగుడు. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. అట్టి తలంపున్నదన్నచో ఒంటరిగా విడువక, పురుగులమందు డబ్బాలను ఇంటినుండి తొలగింపుడు. టెలిమానసను ప్రభుత్వపు సహాయకేంద్రము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైనది. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగుననే మాటలాడుదురు.

వైద్యుడు రక్తపరీక్ష వ్రాసినచో థైరాయిడు, చక్కెర, రక్తహీనత చూతురు. టెస్టోస్టెరోను అవసరమని తోచినచో ఉదయమున పరగడుపుననే ఈయవలెను. ఆ హార్మోను తెల్లవారువేళ హెచ్చుగా నుండి సాయంకాలమునకు తగ్గును. ఒక్కనాటి లెక్కను నమ్మక మఱియొక ఉదయమున మరల చూడవలెను. విషాదరోగమునకు మాత్రలిచ్చినచో, నాలుగు దినములలో గుణము కనబడలేదని పాఱవేయరాదు. గుణము తెలియుటకు రెండునుండి నాలుగు వారములు పట్టును. నెమ్మదించిన పిమ్మటను ఆఱు నెలలకు తక్కువగాకుండ వాడవలసియుండును. ఆపవలసినప్పుడు వైద్యుడే మెల్లగా తగ్గించును.