చౌరీచౌరా, చింతపల్లి: రెండు ఠాణాల చరిత్ర



చారిత్రక కట్టడాలనగానే కోటలు, ఆలయాలు, రాజప్రాసాదాలు స్ఫురించడం సహజం. కాని పరాయి ప్రభుత్వం సామాన్య గ్రామీణునికి ఎదురుపడిన చోటు రాజప్రాసాదం కాదు, పోలీసు ఠాణా గుమ్మం. అందుచేత ఆ సాదా కట్టడం కూడా చరిత్ర విద్యార్థి పరిశీలించదగినదే.

1793 నాటి శాసనాలతో కారన్‌వాలిస్ బెంగాలు జిల్లాలను ఠాణాలుగా విభజించి, ఒక్కొక్కదానిపై దరోగాను నియమించాడు. మద్రాసు రాజధానిలో 1859లోను, ఇతర ప్రాంతాలకై 1861లోను వచ్చిన పోలీసు చట్టాలు నేటి వ్యవస్థకు పునాదులు వేశాయి.

ఠాణా నిర్మాణంలో శిల్పశోభకు తావు తక్కువ. ముందు వసారా, లోపల దస్తావేజుల గది, ఇనుప ఊచల తలుపుతో లాకప్పు, తుపాకులు భద్రపరిచే గది, వెనుక సిబ్బంది నివాసాలు - సాధారణంగా ఇదే అమరిక. ఫిర్యాదు, నిర్బంధం, ఆయుధం మూడూ ఒకే కప్పు క్రింద ఉండేవి. ప్రజల మనస్సులో ఆ కట్టడం ప్రభుత్వానికే ప్రతిరూపమైంది. 1922లో రెండు ఠాణాలు ప్రజాగ్రహానికి గురి కావడంలో ఆశ్చర్యం లేదు.

మొదటిది గోరఖ్‌పూర్ జిల్లాలోని చౌరీచౌరా. ఫిబ్రవరి 4న ఊరేగింపుగా వచ్చిన సహాయనిరాకరణ వాలంటీర్లపై పోలీసులు కాల్పులు జరిపారు, కొందరు మరణించారు. క్రుద్ధులైన జనం రైలుకట్ట మీది కంకరరాళ్లు విసరగా పోలీసులు ఠాణాలోకి పరుగెత్తారు. జనం దానికి నిప్పుపెట్టారు. ఇరవైమందికి పైగా పోలీసులు మరణించారు. ఫిబ్రవరి 12న గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేశారు. సెషన్స్ కోర్టు 172 మందికి మరణశిక్ష విధించింది. మదనమోహన మాలవీయ వాదించిన అప్పీలుపై అలహాబాదు హైకోర్టు 1923లో 19 మందికి మాత్రమే ఆ శిక్షను ఖాయపరిచింది.

రెండవది విశాఖ మన్యంలోని చింతపల్లి. అటవీ నిర్బంధాలతో, పోడు సేద్యంపై ఆంక్షలతో, రోడ్ల పనుల్లో వెట్టితో విసిగిన గిరిజనులకు అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యాడు. ఆగస్టు 22న ఆయన దళం చింతపల్లి ఠాణాలోని ఆయుధాలను స్వాధీనం చేసుకున్నది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల వంతు వచ్చింది. చౌరీచౌరాలో ఠాణా భస్మమైంది. చింతపల్లిలో ఆయుధాగారం ఖాళీ అయింది. మొదటి దానిలో అదుపు తప్పిన ఆవేశం, రెండవ దానిలో ముందుగా ఆలోచించిన పథకం కనిపిస్తాయి.

చౌరీచౌరాలో మరణించిన పోలీసులకు ఆంగ్లేయ ప్రభుత్వం స్మారకం నిర్మించింది. ఉరికంబమెక్కిన రైతుల స్మారకానికి ప్రధాని ఇందిరాగాంధీ 1982లో శంకుస్థాపన చేశారు. చింతపల్లి ఠాణాను పునరుద్ధరించనున్నట్లు 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది.

ఇటువంటి కట్టడాలను కాపాడేటప్పుడు గోడలకు సున్నం వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఉరికంబమెక్కిన రైతులూ, మంటల్లో మరణించిన కానిస్టేబుళ్లూ ఈ దేశపు బిడ్డలే. వారిని ఎదురెదురుగా నిలిపినది పరాయి పాలన. ఆ ఉభయుల కథనూ చెప్పినప్పుడే స్మారకం సత్యమవుతుంది. ఒకనాడు భయంతో ఎక్కిన ఠాణా మెట్లను స్వతంత్ర భారత పౌరుడు నమ్మకంతో ఎక్కగలిగిననాడే ఆ చరిత్ర నేర్పిన పాఠం సార్థకమవుతుంది.