‘సబ్ ఠీక్ హై’ – ఇంట్లో ఈ రిపోర్టు చాలదు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్రైస్తవ విశ్వాసం, కుటుంబ జీవితం అనే విషయం మీద మాట్లాడమని నన్ను కోరారు. సభలో అన్ని మతాలవారూ ఉన్నారు. అయినా మనకిది కొత్త కాదు, యూనిట్‌లో సర్వధర్మ స్థల్‌లో ఒకే కప్పు కింద కూర్చున్నవాళ్ళమే. నేను ధర్మగురువుగా ఉద్యోగం చేసింది అక్కడే. నాకు తెలిసిన గ్రంథంలో నుంచి చెబుతాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం, 5వ వచనంలో ఒక నియమం ఉంది. కొత్తగా పెళ్ళైనవాణ్ణి యుద్ధానికి పంపకూడదు, అతని మీద వేరే ఏ భారమూ మోపకూడదు, అతను ఒక సంవత్సరం ఇంటి దగ్గరే ఉండి భార్యను సంతోషపెట్టాలి అని దాని భావం. ఈ మాట చెప్పినప్పుడల్లా మన జవాన్లు పెద్దగా నవ్వేవారు. “పాద్రీ సాబ్, దీని కాపీ ఒకటి రికార్డ్ ఆఫీసుకి పంపండి” అనేవారు. నిజమే, ఏడాది సెలవు ఎవరిస్తారు? జవానుకు ఉన్నది 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు. అందులో చెల్లెలి పెళ్ళి, పొలం గట్టు తగాదా, అమ్మగారి కంటి ఆపరేషను పోగా పెళ్ళానికి మిగిలేది ఎన్ని రోజులో మీకే తెలుసు. కానీ మూడు వేల ఏళ్ళకు అటూ ఇటూగా పాతదైన ఆ ధర్మశాస్త్రంలో, అదీ యుద్ధాల మధ్య బ్రతికిన జనం, ఒక సిపాయి భార్య సంతోషం గురించి ఇంత వివరంగా రాసుకున్నారు చూడండి. నాకు అది ఆశ్చర్యం.

మన దగ్గర ఒక మాట ఉంది – సబ్ ఠీక్ హై. రోల్ కాల్‌లో అదే, సెంట్రీ పోస్టులో అదే. డ్యూటీలో అది ఉండవలసిన మాట. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా పోస్టు వదలని మనిషికి ఆ అలవాటు ప్రాణరక్ష. చిక్కేమిటంటే అదే మాట ఫోనులో ఇంటికి కూడా చెబుతాం. “ఎలా ఉన్నారండీ?” “బాగానే ఉన్నా.” “ఏం జరిగింది?” “ఏం లేదు.” అవతల ఆమె కూడా తక్కువేం కాదు, పిల్లాడికి డెంగీ వచ్చి తగ్గేదాకా చెప్పదు, మీరు అక్కడ కంగారు పడతారని. ఇద్దరూ ప్రేమతోనే దాస్తారు. పది నెలలు ఇలా దాచుకొన్నాక ఎదురుపడేది ఇద్దరు మర్యాదస్తులైన అపరిచితులు.

56 ఏ.పి.ఓ. చిరునామాతో ఇన్‌లాండ్ ఉత్తరాలు రాసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. అప్పుడు కోపంతో రాసిన ఉత్తరం కూడా చేరడానికి వారం పట్టేది, రాసినవారి కోపం ఈలోగా చల్లారేది. ఇప్పుడు వీడియో కాల్‌లో మొహం చిట్లించడం కూడా కనబడుతుంది, మధ్యలో నెట్‌వర్క్ పోతుంది, సగంలో తెగిన మాటను పట్టుకొని ఇద్దరూ రాత్రంతా మేలుకొంటారు. కోపం ఉండగా సూర్యుడు అస్తమించకూడదని పౌలు ఎఫెసీయులకు రాశాడు. నెట్‌వర్క్ లేని పోస్టులో ఇది ఎలా కుదురుతుందని ఒక నాయక్ నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. ఆ రాత్రికి ఒక కాగితం మీద, తప్పు పట్టకుండా, ‘నాకు ఈ మాట బాధ కలిగించింది’ అని మాత్రం రాసిపెట్టుకో, సిగ్నల్ దొరికినప్పుడు అదే చదువు, అదనంగా ఏమీ కలపకు అన్నాను. కొన్నాళ్ళకు అతని భార్య కూడా అలాగే రాయడం మొదలుపెట్టిందట.

అదే ఎఫెసీయుల పత్రికలో ఇంకొక మాట మనవాళ్ళకు బాగా ఇష్టం, భార్య భర్తకు లోబడి ఉండాలన్నది. మనం దాన్ని ర్యాంకు లాగా చదువుతాం. కానీ దానికి ముందు వచనంలోనే, 5వ అధ్యాయం 21లో, ఒకరికొకరు లోబడమని ఉంది. తరువాత భర్త వంతు వస్తుంది, అది ఇంకా బరువైనది. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకొన్నట్టు భార్యను ప్రేమించాలట. ఇందులో కమాండ్ చేయడం ఎక్కడుందో నాకైతే కనబడలేదు. సెలవు మీద వెళ్ళిన మనిషి మొదటి రోజే ఇంటిని ఇన్‌స్పెక్షన్ చేస్తాడు. గ్యాస్ బండ అక్కడెందుకు పెట్టావు, పిల్లకి ఆ ట్యూషన్ ఎందుకు మాన్పించావు, బ్యాంకులో ఇంతే ఉందేం అని. సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లో ఏడాది పాటు ఒంటిచేత్తో ఆ ఇంటిని నడిపింది ఆమె. ఆమె దగ్గర చార్జి తీసుకోవాలంటే ముందు హ్యాండింగ్ ఓవర్ ఉండాలి కదా! మొదటి వారం ఏ నిర్ణయమూ మార్చకండి. కూరగాయల సంచీ పట్టుకొని ఆమె వెనుక నడవండి. ఎవరికి ఎంత బాకీ, ఏ టీచరు మంచిది, ఏ పక్కింటామె కష్టంలో ఆదుకొందో తెలుస్తుంది.

ఇక మనసు గురించి. ఇది చెప్పడానికే నేను వచ్చాను.

ఒక హవల్దారు ఉండేవాడు, పేరు, ఊరు అనవసరం. సెలవు పది రోజులు మిగిలి ఉండగానే తిరిగి వచ్చేశాడు. అడిగితే సబ్ ఠీక్ హై అన్నాడు. ఆదివారం ప్రార్థనకు క్రమం తప్పకుండా వచ్చేవాడు, ముందు కంటే ఎక్కువగా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. లంగరులో పళ్ళెం అలాగే వదిలేస్తున్నాడని కుక్ చెప్పాడు నాకు. ఒక సాయంత్రం తన బైబిలు తెచ్చి, ఇది మీ దగ్గర ఉంచండి, నాకిక అక్కర్లేదు అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

అప్పుడు నాకు ఏలీయా గుర్తొచ్చాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం సాధించిన ప్రవక్త, మర్నాడు ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో బదరీ వృక్షం కింద కూర్చొని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతన్ని మందలించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. దూతను పంపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. నిద్రపోనిచ్చాడు. లేపి మళ్ళీ తినిపించాడు. ఆ తరువాత చాలా దూరం నడిచాక, హోరేబు దగ్గర, ఇక్కడ ఏం చేస్తున్నావని అడిగాడు. అతను తన గోడు రెండుసార్లు ఒకే మాటల్లో చెప్పుకొంటే రెండుసార్లూ విన్నాడు. చివరికి తోడుగా ఎలీషాను చూపించాడు.

నేను కూడా ఆ రాత్రి హవల్దారుకి వాక్యం చెప్పలేదు. చావాలనిపిస్తోందా అని తిన్నగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది అపోహ అని వైద్యులు చెబుతారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అవునన్నట్టు తలూపాడు. అన్నం తెప్పించాను, ఒంటరిగా వదల్లేదు, ఆ రాత్రే ఆర్.ఎం.ఓ. దగ్గరకు తీసుకెళ్ళాను. అక్కడి నుంచి మిలిటరీ ఆసుపత్రికి పంపారు, మందులు వాడారు. నాలుగో వారంలో భార్య వచ్చింది. “మీరు లేకపోతేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది” అని సెలవులో ఆమె అన్న మాట ఇంత పని చేసింది. ఎందుకన్నావమ్మా అని నేను అడగలేదు, ఆవిడే చెప్పింది. రాత్రుళ్ళు ఆయన నిద్రలో అరుస్తుంటే పిల్లలు జడుసుకొంటున్నారట, ఏమైందని అడిగితే ఏం లేదంటున్నాడట. తన భయం ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఆ మాట అన్నదట. ఆ రోజు వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, నేను టీ తేవడానికని బయటకు వచ్చేశాను.

ప్రార్థన ఉండగా డాక్టరెందుకని కొందరు విశ్వాసులు అంటారు. బీపీ మాత్ర వేసుకొనేటప్పుడు వాళ్ళకీ సందేహం రాదు! సువార్తికుల్లో లూకా వైద్యుడు, పౌలే అతన్ని ప్రియమైన వైద్యుడని రాశాడు. క్యాంటీన్ కోటా రమ్ముతో నిద్ర తెచ్చుకోవడం కంటే డాక్టరు దగ్గరకు వెళ్ళడమే విశ్వాసానికి దగ్గర అని నా అభిప్రాయం. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. 2023 డిసెంబరులో సైనిక దళాల కుటుంబాల కోసమే పూణెలోని ఏ.ఎఫ్.ఎం.సి.లో దాని ప్రత్యేక విభాగం ప్రారంభించారు. భార్యలు కూడా రాసుకోండి.

రిటైరైనవారికి ఒక్క మాట. నలభై నిండేసరికి పెన్షనుతో ఇల్లు చేరే జవాన్లు ఎందరో. ఇన్నాళ్ళూ అతిథిగా వచ్చిన నాన్న ఇక వెళ్ళడని పిల్లలకు అర్థం కావడానికి సమయం పడుతుంది. మొదట్లో చెప్పిన ఆ ఏడాది నియమం ఉంది చూశారూ, అది కొత్త పెళ్ళికొడుకుల కోసం రాసిందే, కానీ మీరు ఇప్పుడు వాడుకోవచ్చు. సెక్యూరిటీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేముందు వీలైతే కొన్ని నెలలు ఆగండి. ఇంటి ఖర్చు ఒప్పుకోకపోతే కనీసం నైట్ డ్యూటీ అడగకండి.

భోజనాల తరువాత లైబ్రరీ గదిలో ఉంటాను. ఇద్దరూ కలిసి రావచ్చు, ఒక్కరే రావచ్చు, మతం అడగను. ర్యాంకు కూడా చెప్పక్కర్లేదు. పదింటి దాకా దీపం ఆర్పవద్దని కార్యదర్శిగారికి చెప్పి ఉంచాను.