ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఫలక్‌నుమాకి రాదు! మరి ఏ రైలు ఏదో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు నేను పాతబస్తీలో, యాకుత్‌పురా స్టేషన్‌లో ఉన్నాను. ఒక ప్రశ్న. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే ఫలక్‌నుమా స్టేషన్‌కి వెళ్లాలా? అస్సలు వద్దు! ఆ పేరు ప్యాలెస్‌ది. రైలేమో సికింద్రాబాద్‌లో బయలుదేరి నల్గొండ, గుంటూరు మీదుగా హౌరా పోతుంది. ఈ పట్టాల మీదికే రాదు.

అందుకే పేరు కాదు, నంబర్ చూడండి. ఐదంకెలు ఉంటాయి. 1 లేదా 2తో మొదలైతే దూరం పోయే రైలు. అందులో 12, 20, 22 అని ఉంటే సూపర్‌ఫాస్ట్. ఫలక్‌నుమా నంబర్ 12704. సూపర్‌ఫాస్ట్ అంటే ఏదో దూసుకుపోతుంది అనుకోకండి, సగటున గంటకు 55 కిలోమీటర్లు దాటితే చాలు! 5తో మొదలైతే పాసింజర్, 6 అయితే మెమూ, 0 అయితే స్పెషల్. మన ఎంఎంటీఎస్ నంబర్లు 47తో మొదలవుతాయి.

2003 ఆగస్టులో సిటీలో మొదలైన ఎంఎంటీఎస్ ఇక్కడ ఆగుతుంది, టికెట్ 5 రూపాయల నుంచే. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్ కూడా ఇదే లైన్‌లో పోతుంది. కానీ ఇక్కడ ఆగదు, అందులో జనరల్ బోగీ కూడా ఉండదు.

ఇదంతా ఎందుకంటే, మన జేబు కోసం. ఫోన్‌లో జనరల్ టికెట్ తీసేటప్పుడు రైలు రకం చూసి నొక్కండి. సూపర్‌ఫాస్ట్‌కి సెకండ్ క్లాస్‌లో 15 రూపాయలు ఎక్కువ. సరైన టికెట్ లేకుండా టీసీకి దొరికితే ఛార్జీ కాక ఇంకో 250 అయినా కట్టాలి. ఆ డబ్బుతో ఎంఎంటీఎస్‌లో ఎన్నిసార్లు తిరగొచ్చో లెక్కేసి కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!