మైదానం లేని ఊళ్లో పోటీ గుర్రం

కిందటి ఎపిసోడ్‌లో మేత గురించి, ముఖ్యంగా తవుడు ఎక్కువ పెడితే గుర్రం ఎముకలకు వచ్చే ముప్పు గురించి చెప్పుకున్నాం. ఈసారి చాలామంది ఫోన్ చేసి అడుగుతున్న మాట తీసుకుంటున్నాను. "మాకు రైడింగ్ అరీనా లేదు. హైదరాబాద్ దాకా రోజూ వెళ్లలేం కదా. మరి గుర్రాన్ని పోటీకి సిద్ధంగా ఎలా ఉంచాలి?" అని.

నా దగ్గరా అరీనా లేదండి. కంకిపాడు దగ్గర మా లాయంలో రెండు గుర్రాలున్నాయి. ఒకటి రేసుల నుంచి బయటికొచ్చిన ఆడగుర్రం, రెండోది నాలుగేళ్ల మగది. ఎనిమిదేళ్ల నుంచి గుర్రాలతోనే తెల్లవారుతోంది నాకు. ఈ ఎనిమిదేళ్లలో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఇవాళ చెప్తాను, ఎందుకంటే ఆ తప్పు మీరూ చేసే అవకాశం ఉంది.

ముందు లెక్క చూద్దాం. డ్రెస్సాజ్‌కి చిన్న అరీనా అంటే 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. మన లెక్కలో దాదాపు 20 సెంట్లు. పెద్దదైతే 20 బై 60, అంటే 30 సెంట్లు. బందరు రోడ్డు పక్కన 20 సెంట్లు ఖాళీగా వదిలి, అందులో ఇసుక పోసి గుర్రాన్ని తిప్పుతానంటే ఇంట్లో ఏమంటారో మీకు తెలుసు. పోనీ పొలంలో తిప్పుదామా అంటే, డెల్టా నేల మన మాట వినదు. జూలై నుంచి డిసెంబరు దాకా సార్వా వరి, కాలు పెడితే మోకాలి దాకా బురద. కోతలయ్యాక మినుము. మినుము తీసేసరికి మార్చి. అప్పుడు పొలం ఖాళీయే, కానీ ఆ నల్లరేగడి రాయిలా గట్టిపడి నెర్రెలిస్తుంది. నెర్రెలో ఒక్క గిట్ట దిగిందంటే చాలు. అంటే ఏడాదిలో పొలం మనకు పనికొచ్చేది, అటు తడి ఆరీ ఆరక, ఇటు నెర్రెలివ్వక ముందు, ఏ రెండు మూడు వారాలో.

మిగిలింది కాలవ గట్టు. నేను మొదలుపెట్టింది అక్కడే. తెల్లవారుజామున నాలుగున్నరకి జీను కట్టి గట్టెక్కితే తూము దాకా వెళ్లి రావడం ఎనిమిది కిలోమీటర్లు. మొదటి నెలంతా నడకే, తర్వాత కాస్త కాస్త ట్రాట్, ఆ తర్వాత దౌడు. మూడో చలికాలానికి మా ఆడగుర్రం ఎంత దమ్ము పట్టిందంటే, దౌడు ఆపిన పది నిమిషాల్లో గుండె వేగం నిమిషానికి 60 కిందకి దిగేది. ఎండ్యూరెన్స్ పోటీల్లో 64కి దిగితే ముందుకు పంపిస్తారు. నాకేమో ఛాతీ ఉప్పొంగింది.

ఆ ఏడాది హైదరాబాద్‌లో ఒక జంపింగ్ పోటీకి తీసుకెళ్లాను. చిన్న ఎత్తులే. మొదటి మూడు కర్రలు పూలదండ మీదుగా వెళ్లినట్టు వెళ్లింది. నాలుగోదానికి కుడివైపు గట్టిగా మలుపు తిరగాలి. తిరగలేదండి. భుజం బయటికి తోసేసి, కర్ర పక్కనుంచి వెళ్లిపోయింది. మళ్లీ తెచ్చాను, మళ్లీ అంతే. మూడోసారి గంట మోగింది, బయటికి వచ్చేశాం.

మా మేనమామ కూడా వచ్చాడు ఆరోజు. ఆయన బండలాగుడు ఎడ్లు పెంచిన మనిషి, గుర్రం మీద ఒక్కసారి కూడా ఎక్కినవాడు కాదు. లారీ ఎక్కిస్తుంటే మెల్లిగా అడిగాడు. "ఒరేయ్ అబ్బాయ్, తూము దగ్గర దీన్ని ఎటు తిప్పుతావురా రోజూ?"

"ఎడమకి మామయ్యా. కుడివైపు కాలవ ఉందిగా."

"మరి దానికి కుడి ఎక్కడ నేర్పావురా?"

అంతే. మూడేళ్లు నేను దానికి దమ్ము నేర్పాను, తిరగడం నేర్పలేదు. అది కూడా ఒక్కవైపే తిప్పాను. అరీనా అంటే మెత్తటి ఇసుక అనుకుంటాం మనం. ఇసుక ఒక్కటే కాదు, అది గుర్రాన్ని రెండు వైపులా సమానంగా వంచే చోటు. గట్టు మీద ఆ వంపు లేదు. ఎడ్ల వాళ్లు ఈ సంగతి పట్టించుకుంటారు, కాడికి ఎడమ వైపు కట్టే ఎద్దేది, కుడి వైపు కట్టేదేది అని చూసుకుంటారు. మనకి పుస్తకాలు ఎక్కువై కళ్లు పోయాయి.

ఇప్పుడు అసలు తప్పు. రోషం కదా, హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన వారానికే, మార్చి నెలలో, మినుము తీసిన మా చేలో పొడవాటి తాడు కట్టి గుర్రాన్ని కుడి చేతి మీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాను. రోజూ అరగంట. కుడి బాగుపడాలని కుడికే ఎక్కువ. పదో రోజున ముందు ఎడమ కాలు వెనక, మోకాలి కింద, వేలు పెడితే వేడిగా తగిలింది. కొంచెం వాపు. కుంటడం లేదు. "ఏదో తగిలుంటుంది" అనుకుని మర్నాడు కూడా తిప్పాను. ఆ మర్నాడు కుంటింది. స్కాన్ తీయిస్తే టెండన్, మనవాళ్లు నరం అంటారే, అది దెబ్బతింది.

పది నెలలు పట్టిందండి. మొదట పూర్తిగా లాయంలోనే. తర్వాత చేత్తో పట్టుకుని పది నిమిషాల నడక, ఆ తర్వాత కొన్నాళ్లకోసారి ఐదు నిమిషాలు పెంచుతూ. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో బలపడతాయి. టెండన్‌కి, ఎముకకి నెలలు కావాలి. దమ్ముంది కదా అని కాళ్లకూ బలం వచ్చేసిందనుకోవడం, అదే నేను చేసింది. ఇప్పటికీ రోజూ జీను కట్టే ముందు నాలుగు కాళ్లూ చేత్తో తడిమి చూస్తాను. ఏ కాలు ఎప్పుడూ ఎంత వెచ్చగా ఉంటుందో చేతికి తెలియాలి. అప్పుడే తేడా తెలుస్తుంది.

దాని కాలు మానుతుండగా చేసిన పని ఒకటుంది. పూర్తి అరీనా వద్దనుకుని, ఒక్క 20 మీటర్ల గుండ్రం వేశాం లాయం వెనక. డ్రెస్సాజ్‌లో మొదట నేర్పే వృత్తం అదే కొలత. ఎనిమిది సెంట్లలో అయిపోతుంది. నల్లమట్టి తీసేసి, గ్రావెల్ పోసి రోలర్ తొక్కించి, చుట్టూ నీళ్లు పోవడానికి చిన్న కాలవ తవ్వి, పైన ఇసుక మూడంగుళాలు. అంతకు మించి ఇసుక పోయకండి, లోతు ఇసుక కూడా నరాన్ని లాగుతుంది. వానల్లో మాకు దిక్కు అదే. ఒక చేతి మీద ఏడు నిమిషాలు, రెండో చేతి మీద ఏడు. వాచీ చూసి మరీ. ఎంత బాగా చేస్తున్నా సరే, పావుగంటకి ఆపేస్తాను.

కర్రలకి వెదురు వాడకండి, విరిగితే ఈటెలా చీలుతుంది. బందరు వైపు నుంచి వచ్చే సరుగుడు వాసాలు మేలు. గట్టు వెడల్పుగా ఉన్నచోట నాలుగు వాసాలు నేల మీద పరిచి, ట్రాట్‌కైతే సుమారు 1.3 మీటర్ల దూరం పెట్టి వాటి మీదుగా నడిపిస్తాం. అడుగు కొలిచి వేయడం వస్తుంది, వీపు కదులుతుంది. దూకించాల్సిన పని లేదు. జంపింగ్ గుర్రానికి కూడా రోజూ దూకడం అక్కర్లేదు.

నది ఇసుక సంగతి అడుగుతారు. యనమలకుదురు దిగువన నీటి అంచున తడిసి గట్టిగా ఉన్న ఇసుక మీద మేమూ చేశాం. సున్నంతో 20 బై 40 గీసి, డబ్బాల మీద అక్షరాలు రాసి పెట్టాం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు వచ్చాయి కదా, మా డబ్బాలే కాదు, ఆ ఇసుక మేటే లేకుండా పోయింది. బుడమేరు ముంచిన ఇళ్ల ముందు మాది నష్టమే కాదు. కానీ నది చోటు ఇస్తే పుచ్చుకోవాలి తప్ప దాని మీద ఏడాది ప్లాను వేసుకోకూడదని తెలిసింది. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలుసుకోకుండా మాత్రం దిగకండి.

ఎండ గురించి క్లుప్తంగా. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం, రెండూ కూడండి. 150 దాటితే కష్టమైన పని పెట్టొద్దు. మన మే నెలలో తెల్లారి ఐదింటికే అది దాటిపోతుంది. అందుకే మే అంతా మా గుర్రాలకి నడక, అంతే. ఒళ్లు వేడెక్కినా చెమట పట్టడం లేదంటే వెంటనే నీళ్లు పోసి డాక్టరుకి చెప్పండి.

ఇంకోటి, నవ్వొస్తుంది. మా గుర్రాలు ట్రాక్టరుకి, వరికోత మిషనుకి, లారీ హారనుకి, ఒక్కసారిగా లేచే కొంగల గుంపుకి బెదరవు. అరీనా పక్కన పెట్టిన ప్లాస్టిక్ పూలకుండీకి బెదిరాయి! ఇప్పుడు మా లాయం దారిలో రెండు ప్లాస్టిక్ కుండీలు, ఒక తెల్ల బోర్డు ఉంటాయి. వారానికోసారి వాటి చోటు మారుస్తాం. పెళ్లిళ్ల సీజన్లో మైకు కూడా ఉచితమే.

ఈ చలికాలానికి ఆడగుర్రాన్ని చిన్న డ్రెస్సాజ్ టెస్టుకే పేరిచ్చాను, జంపింగ్‌కి ఇవ్వలేదు. దూకగలదు. కానీ గట్టి మలుపులు సాధన చేయడానికి నా దగ్గర ఉన్నది ఎనిమిది సెంట్ల గుండ్రం, అందులో నేర్పలేనిది పోటీలో దాన్ని అడగలేను. మగదాన్ని ఈ ఏడు పంపడం లేదు. మా మామయ్యకి కోపం వచ్చింది, "దానికేం తక్కువరా?" అని. తక్కువేం లేదు, కాళ్లకి ఇంకో ఏడాది కావాలి, అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో నాడాలు కొట్టేవాళ్లు దొరకని ఊళ్లో గిట్టలు ఎలా చూసుకోవాలో మాట్లాడుకుందాం.