లేదని రాసిన చోట

నైతిక నిర్ణయం అనగానే రెండు దారుల మధ్య నిలబడి ఏది మంచిదో తేల్చుకోవడమని అనుకుంటాం. మనిషి విలువల పని అంతకంటే ముందే మొదలవుతుందని నా నమ్మకం. ఏది తన సమస్యో, ఏది కాదో తేల్చేవి అవే. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి ఉద్యోగ జీవితం తలచుకున్నప్పుడల్లా నాకిదే తోస్తుంది.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అప్పు కింద కట్టుబడిన పాలేరు విముక్తుడని, ఆ బాకీ రద్దయిపోయిందని చెప్పింది. మరి వెట్టివాళ్లు ఏ రిజిస్టరులో ఉంటారు? ఆసామి రాసివ్వడు. కొడుకును జీతానికి పెట్టిన తండ్రికి చట్టం వచ్చిన సంగతే తెలియదు. అందుకే ‘మా తాలూకాలో వెట్టి లేదు’ అని రాసి పంపిన అధికారి తాను అబద్ధమాడానని అనుకోడు. కాగితం మీద లేదు కదా!

ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా శంకరన్ పల్లెలకు వెళ్లారు. వాడల్లో కూర్చుని, ఆ అప్పు కట్టనక్కరలేదని పాలేర్లకే చెప్పారు. అప్పటి ముఖ్యమంత్రికి అది నచ్చలేదు. శంకరన్ మాట మార్చుకోలేదు, సెలవు పెట్టారు. తర్వాత నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో త్రిపుర ప్రధాన కార్యదర్శి అయ్యారు.

అధికారికి నిబంధన చాలదా, సొంత విలువలెందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఎవరి ఇష్టం వారిదైతే పాలన నిలవదు. కానీ శంకరన్ నిబంధనను దాటలేదు, చివరిదాకా చదివారు. తనది వెట్టి అప్పని పాలేరు చెబితే, కాదని రుజువు చేయాల్సిన భారం అప్పిచ్చినవాడిదేనని ఆ చట్టంలోని 15వ సెక్షన్ అంటుంది. లెక్కల పుస్తకం ఉన్నవాడికీ, వేలిముద్ర తప్ప ఏమీ లేనివాడికీ మధ్య తటస్థంగా ఉంటే పుస్తకానిదే గెలుపు. చట్టం రాసినవాళ్లు ఇది గ్రహించారు. అమలు చేసేవాడూ గ్రహించాలి, అది ఏ సెక్షనూ నేర్పదు.

1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో, గుర్తేడు దగ్గర, నక్సలైట్లు ఆయన్నూ మరికొందరు ఐఏఎస్ అధికారులనూ బందీలుగా పట్టుకున్నారు. జైళ్లలో ఉన్న తమవాళ్లను విడిపించుకుని వదిలారు. పదేళ్ల తర్వాత అదే శంకరన్ పౌరస్పందన వేదికకు పెద్దదిక్కయ్యారు. ఎన్‌కౌంటర్లను ప్రశ్నించారు, నక్సలైట్ల హత్యలనూ ప్రశ్నించారు. తనను బంధించినవాళ్ల ప్రాణాలకూ చట్టం రక్షణ ఉండాలనడం అంత తేలికైన మాట కాదు. 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య హైదరాబాదులో జరిగిన శాంతి చర్చల వెనుక ఆ వేదిక ఏళ్ల శ్రమ ఉంది. చర్చలు నిలవలేదు. అంతమాత్రాన ఆ శ్రమ వృథా అని నేననను.

ఆయన పెళ్లి చేసుకోలేదని, జీతం పేద పిల్లల చదువులకు ఇచ్చారని, 2005లో పద్మభూషణ్ వద్దన్నారని చెప్పుకుని చేతులు జోడిస్తాం. ఆయన్ను మహాత్ముణ్ణి చేసి మనం తప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఊరికి వెళ్లడం, అడగడం, చట్టం చదవడం: ఆయన చేసిన పని ఏ ఉద్యోగైనా చేయగలిగిందే. విరమణ తర్వాత బెజవాడ విల్సన్ వంటివారితో, మనుషుల చేత మలం ఎత్తించడం ఆగాలని పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్‌లో నిలిచినప్పుడూ దారి ఇదే. పొడి మరుగుదొడ్లు లేవని ప్రభుత్వాలంటుంటే, ఆ కార్యకర్తలు వాడవాడా తిరిగి, ఫొటోలు తీసి సుప్రీంకోర్టు ముందు పెట్టారు.

ఈ సభలో యువ అధికారులున్నారు. మీ కార్యాలయాల్లోనూ ‘లేదు’ అని రాసి వచ్చిన నివేదికలు ఉంటాయి. వాటిలో ఒకటి ఈ నెలలోనే ఊరికి పట్టుకెళ్లి, వాడలో కూర్చుని చదివి వినిపించండి. వాళ్లేమంటారో అదే కాగితం మీద రాయండి.