పురిటి గదిలో ఆమె ఎవరు?

(సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సరోగసీ గురించి మనం మాట్లాడుకున్నప్పుడల్లా చర్చ డబ్బు దగ్గరో, నీతి దగ్గరో ఆగిపోతోంది. తొమ్మిది నెలలు మోసిన స్త్రీ కాన్పుకు ఆస్పత్రిలో చేరాక ఆమెకేం జరుగుతుందో అడగం. ఇవాళ నేను ఆ నాలుగైదు రోజుల గురించే మాట్లాడదలచుకున్నాను.

మన పత్రికలు దీన్ని 'అద్దె గర్భం' అంటాయి. ఇల్లు అద్దెకిచ్చిన మనిషి వేరే ఇంట్లో ఉంటుంది. గర్భం అద్దెకిచ్చిన మనిషి ఎక్కడికి పోయి ఉంటుంది? మాటలోనే స్త్రీ మాయమైపోయింది. ఆస్పత్రిలో జరిగేదీ దాదాపు ఇదే.

గుజరాత్‌లోని ఆనంద్ ఈ వ్యాపారానికి పేరుపడిన రోజుల్లో గర్భిణులను కాన్పుదాకా వసతి గృహాల్లో ఉంచేవారు. సమాజశాస్త్రవేత్త అమృతా పాండే ఆ స్త్రీలతో మాట్లాడి 2014లో 'ఊంబ్స్ ఇన్ లేబర్' అనే పుస్తకం తెచ్చారు. హైదరాబాద్‌లో 2017లో అధికారులు ఒక ఆస్పత్రిని తనిఖీ చేస్తే 46 మంది ఒకేచోట కనిపించారు. వేళకు తిండి, మందులు, స్కానింగులు అన్నీ ఉంటాయి. లోపలున్న బిడ్డ ఆరోగ్యం కోసం అవి ఉంటాయి. బిడ్డ బయటికొచ్చాక అవి ఎవరికోసం?

నేను మాట్లాడిన ఒకామె టైలరింగ్ పని చేస్తుంది. కొత్త చట్టం రాకముందే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇలా కన్నది. తన ఇద్దరు పిల్లలూ మామూలు కాన్పులే. ఈసారి నొప్పులు రాకముందే సిజేరియన్ చేశారు. దంపతులు పంతులుగారితో ముహూర్తం పెట్టించుకున్నారు. "ముహూర్తం వాళ్లది మేడమ్, కోత నాది" అంది. మూడో రోజుకి రొమ్ములు గడ్డకట్టి జ్వరమొస్తే నర్సు మాత్ర ఇచ్చి వెళ్లిపోయింది. వార్డులో పక్క మంచాల బాలింతల తాలూకు వాళ్లు "బిడ్డేదమ్మా?" అని అడుగుతుంటే పోయిందని చెప్పిందట. ఇంటికొచ్చిన మూడు వారాలకు కుట్ల దగ్గర చీము పట్టింది. ప్రభుత్వాస్పత్రిలో పాత కాగితాలడిగారు. కేసు షీటు, డిశ్చార్జి కాగితం అన్నీ దంపతుల ఫైల్లో వెళ్లిపోయాయి. తన ఒంటి మీద జరిగిన ఆపరేషన్‌కు తన దగ్గర రుజువు లేదు.

2021 సరోగసీ నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతిఫలం తీసుకోకూడదు. వైద్య ఖర్చులు, బీమా వంటివి తప్ప ఏమీ ఇవ్వకూడదు. సరోగేట్ వివాహిత అయి ఉండాలి, తన బిడ్డ ఉండాలి, వయసు 25కూ 35కూ మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే. దుష్ఫలితాలన్నీ చెప్పి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. పిండాన్ని గర్భంలో పెట్టేలోగా ఆమె మనసు మార్చుకోవచ్చు. గర్భస్రావానికి ఎవరూ బలవంతం చేయకూడదు. ప్రసవానంతర సమస్యలకు 36 నెలల బీమా తప్పనిసరి. క్లినిక్ రికార్డులను 25 ఏళ్లు భద్రపరచాలి. వీటిలో మనం పోరాడి నిలబెట్టుకోవలసినవి ఉన్నాయి. కానీ చట్టం చూపంతా క్లినిక్ మీద, ధ్రువపత్రాల మీద ఉంది. పురిటి గది గురించి, బాలింత వార్డు గురించి దాదాపు మౌనమే. సిజేరియన్‌కు సమ్మతి ఆమె ఒక్కతెదే అని ఆస్పత్రి గోడ మీద రాసి పెట్టినచోటు నేనింతవరకు చూడలేదు.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ 2018లో ఆస్పత్రి సిబ్బంది కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. అక్కడ పుట్టిన క్షణాన చట్టరీత్యా తల్లి కన్న స్త్రీయే. మన చట్టంలో అలా కాదు. ఆ చట్టం మనకు ఆదర్శమనను. అయితే చికిత్సలో నిర్ణయాలు గర్భిణివేనని అక్కడి మంత్రసానులకు కాగితం మీద చెప్పారు. అది చేయడానికి మనకు కొత్త చట్టం అక్కర్లేదు.

మనచోట 2024లో కేంద్ర ప్రభుత్వం సరోగేట్‌గా కన్న తన ఉద్యోగినికి 180 రోజుల సెలవు ఇచ్చింది. మంచిదే. కుట్టుమిషన్ దగ్గర కూచునే మనిషికి ఏ సెలవు?

రికార్డుల సంగతి చిన్నదనుకోకండి. 2025లో సికింద్రాబాద్‌లో సరోగసీ బిడ్డ అని చెప్పి ఇచ్చిన పసివాడికి డీఎన్‌ఏ పరీక్షలో ఆ దంపతులతో సంబంధమే లేదని తేలింది. కన్నదెవరో తెలియని కాన్పు ఎందరికి లాభమో ఆలోచించండి. వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లోగా రికార్డుల నకళ్లు ఇవ్వాలి. ఇక్కడ రోగి ఆమే. అడిగే హక్కు ఆమెదే. మన కేంద్రాలకు వచ్చే స్త్రీలతో ఈ ఒక్క దరఖాస్తు రాయించగలిగితే చాలా మారుతుంది.

ఆ టైలరింగ్ ఆమె చెల్లెలిని ఇప్పుడు ఆడపడుచు అడుగుతోందట. డబ్బు లేదు కనుక బేరం లేదు. కాదంటే మాత్రం కాపురంలో మాట పడుతుంది. 'ఇష్టపడి ముందుకొచ్చిన స్త్రీ' అని చట్టం అంటున్నప్పుడు ఈ ఇష్టాన్ని కొలిచేదెవరో నాకు తెలియదు. వచ్చే వారం ఆ అమ్మాయితో పాటు మేమిద్దరం క్లినిక్‌కు వెళుతున్నాం. ముందు ఆమెతో డాక్టరు ఒంటరిగా మాట్లాడాలని అడుగుతాం. తర్వాత బీమా పాలసీ కాగితం ఎవరి చేతికిస్తారో అడుగుతాం.