గుట్టు తెలిస్తే పాట ఆగదు



పాట నడుమ గిటారు మూగబోతే అన్ని తీగలూ ఒక్కసారే పీకొద్దు. పీకితే తప్పు ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

మొదట పెడళ్లన్నీ పక్కన పెట్టి, గిటారును నేరుగా యాంప్లిఫయర్‌కు కలుపుదాం. మోగిందా? అయితే తప్పు పెడళ్ల వరుసలోనే ఉన్నది. ఇప్పుడు ఒక్కో పెడల్‌ను కలుపుకుంటూ పోదాం. ఎక్కడ మూగబోతే అక్కడే దొంగ: ఆ పెడలో, దాన్ని కలిపిన పొట్టి తీగో. ముందు తీగ మార్చి చూడాలె.

పెడల్ దీపం వెలగడం లేదా? కరెంటు చూడండి. చాలా పెడళ్లకు 9 వోల్టుల డీసీ కావాలి, ప్లగ్ నడిమి భాగం మైనస్. అన్నిటికీ ఇదే కాదు, పెడల్ మీద రాసింది చదవాలె. వోల్టులు కుదిరితేనే చాలదు. తలా 100 మిల్లీఆంపియర్లు తాగే పెడళ్లు మూడుంటే, 200 ఇచ్చే అడాప్టర్ మోయలేదు. బ్యాటరీతో నడిపేవాళ్లు వాయించుడు అయినంక ఇన్‌పుట్ తీగ పీకేయాలె. లేకుంటే బ్యాటరీ ఊరికే ఖాళీ అవుతూ ఉంటది.

"అంతా పోయింది, కొత్తది కొనండి" అని ఎవరన్నా అంటే, ముందు ఈ వరుసలో మనమే చూసుకుందాం. కూలి పైసలు కూడబెట్టి కొన్న సామాను మనది. దాని గుట్టు కూడా మన చేతిలోనే ఉండాలె.